డెబ్బై అంగుళాల అడుగు

మా చానెల్ పేరు మార్చి, తెర మీద కనిపించే అక్షరాలూ బొమ్మలూ మొత్తం కొత్తగా చేయించే పని నాకు అప్పగించింది నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక మాఘమాసంలో. అప్పటికి నేను ప్రొద్దుటూరులో ఆ చానెల్‌కు గ్రాఫిక్స్ ఇన్‌చార్జిని. నా కింద ఇద్దరు ఆపరేటర్లు ఉండేవారు. ఆట చూపించేటప్పుడు తెర అడుగున వచ్చే పేరు పట్టీ, మూలన కనిపించే స్కోరు పెట్టె, ఆట ముగిశాక వచ్చే స్థానాల పట్టిక, ఈ మూడూ మా విభాగం పని. చూసేవాళ్లు వీటిని పట్టించుకోరు. తప్పు పడితే మాత్రం ముందు వీటినే చూస్తారు.

మాది మూడు ఊళ్ల కేబుల్ వాళ్లు కలిసి పెట్టుకున్న ఆటల చానెల్. కబడ్డీ, వాలీబాల్, టెన్నిస్ బంతి క్రికెట్ చూపించినా మాకు పేరు తెచ్చింది ఎద్దుల బండలాగుడు పోటీలే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల భాగస్వాములు ఎవరి ఊరి పేరు ముందుండాలో తేల్చుకోలేక, మూడు ఊళ్ల మొదటి అక్షరాలు కలిపి 'ప్రొజపు స్పోర్ట్స్' అని పెట్టారు. ఇది దగ్గు మందా, కీళ్ల నొప్పుల మందా అని అడుగుతూ ఆఫీసుకు ఫోన్లు వచ్చేవి. పదిహేనేళ్ల పాటు ఆ ఫోన్లకు జవాబు చెప్పిన తర్వాత మేనేజింగ్ భాగస్వామి సుబ్బరాయుడుగారు, బంగారు అంగడి యజమాని, పేరు మార్చాలని తీర్మానించారు.

కొత్త పేరు 'రంకె'. ఆ ఒక్క మాటకు మూడు సమావేశాలు పట్టాయి. గుర్తు బొమ్మకు ఇంకో నాలుగు. ఊరి పేరులోనే పులి ఉంది కాబట్టి పులి ఉండి తీరాలని పులివెందుల ఆయన, గండికోట లోయ కనిపించాలని జమ్మలమడుగు ఆయన, ఏది ఉన్నా బంగారు రంగులో ఉండాలని సుబ్బరాయుడుగారు పట్టుబట్టారు. హైదరాబాదు డిజైన్ కంపెనీ నుంచి వచ్చిన శ్రావ్య అనే అమ్మాయి ముగ్గురి మాటా ఓపికగా రాసుకుని, చివరికి రెండు ఎద్దు కొమ్ములు బంగారు రంగులో గీసి ఇచ్చింది. జమ్మలమడుగులో కొందరు దాన్ని మీసమనుకున్నారు. పులివెందుల వాళ్లు అరటికాయలనుకుని, తమ పంటకు గౌరవం దక్కిందని సంతోషించారు. వాళ్ల పొరపాటు దిద్దవద్దని మాకు పైనుంచి ఆదేశం వచ్చింది.

శ్రావ్యది గుంటూరు వైపు. పనిలో చురుకైన మనిషి. అయితే ఆ కంపెనీ దగ్గర సిద్ధంగా ఉన్న గ్రాఫిక్స్ అన్నీ క్రికెట్ కోసం చేసినవి. వాటినే మార్చి మాకు ఇవ్వాలి. క్రీడాకారుడి ఫొటో, వయసు, ఏ చేతి వాటం అని గళ్లు ఉండేవి. ఎద్దుకు చేతి వాటం ఎక్కడిది? కాడికి కుడివైపు కట్టేదాన్ని వలపట అనీ, ఎడమవైపుదాన్ని దాపట అనీ అంటారని చెప్పి ఆ గడిని సరిచేయించాను. ఎద్దు వయసును మనవాళ్లు పళ్లతో లెక్కిస్తారు, పోటీలు కూడా రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్ల విభాగాలుగా జరుగుతాయి. కాబట్టి మా తెర మీద 'వయసు: 6 పళ్లు' అని బంగారు అక్షరాలతో వచ్చింది. నేను పురోహితుల ఇంట పుట్టినదాన్ని. ఉద్యోగంలో చేరేదాకా ఎద్దు నోరు తెరిచి చూసిన పాపాన పోలేదు. ఇవన్నీ ఇంకొకరికి నేర్పే స్థితికి వచ్చానని లోపల కొంచెం గర్వంగా ఉండేది.

స్థానాల పట్టిక వచ్చినప్పుడల్లా ఎద్దు రంకె వినిపించేలా శబ్దం కూడా చేశారు. జమ్మలమడుగులో ఒక చిన్న పోటీ దగ్గర పరీక్షించాం. మైదానంలో ఎల్‌ఈడీ తెర పక్కన పెట్టిన పెద్ద స్పీకర్లలోంచి రంకె రాగానే, బండ లాగుతున్న జత దారి మధ్యలో ఆగిపోయి తెర వైపు తిరిగి నిలబడింది. తోలేవాళ్లు ఎంత అదిలించినా కదల్లేదు. ఆ గిత్తల యజమాని మా వ్యాను దగ్గరికి వచ్చి అన్న మాటలు ఇక్కడ రాయలేను. మర్నాటి నుంచి రంకె ఇళ్లలోని టీవీలకే పరిమితమైంది.

ఇక కొలతల సంగతి. బండలాగుడులో ఒక్కో జతకు ఇరవై నిమిషాలు ఇస్తారు. కొలిచి గీసిన దారి మీద బండను ఆ చివరికీ ఈ చివరికీ లాగుతూ తిరుగుతారు. గంట కొట్టేసరికి బండ ఎక్కడ ఆగిందో అక్కడికి టేపు పట్టి, పూర్తయిన రౌండ్లకు ఆ ముక్క కలుపుతారు. అందుకే లెక్క ఎప్పుడూ అడుగులు, అంగుళాల్లో ఉంటుంది. పాత కంప్యూటర్‌లో మేము ప్రతి లెక్కనూ చేత్తో టైపు చేసి, స్థానాలు మేమే పేర్చేవాళ్లం. కొత్తది తానే పేరుస్తుంది. అంకె ఎలా ఇస్తారని శ్రావ్య అడిగితే, అడుగులు వేసి, చుక్క పెట్టి, అంగుళాలు వేస్తామని చెప్పాను. మా రాత పుస్తకంలో అలాగే రాసుకునేవాళ్లం. ఆమె సరేనని రాసుకుంది. పావుగంట పరీక్షించాం. 3000, 2500, 2000 అని ఇచ్చాను. చక్కగా పేర్చింది. సంతకం పెట్టాను.

ఉగాది దాటిన రెండో వారంలో జమ్మలమడుగు దగ్గర ఆరు పళ్ల విభాగం పోటీ. 'రంకె' పేరుతో మా మొదటి పెద్ద ప్రత్యక్ష ప్రసారం అదే. ఏటా ఫలితాలు రాసే నల్లబల్ల అక్కర్లేదని, మా తెర చాలని నిర్వాహకులకు సుబ్బరాయుడుగారు మాటిచ్చారు. దాంతో వాళ్లు బల్లను ట్రాక్టరు కింద పడేశారు. మా ప్రసార వాహనం ఒకప్పటి స్కూలు వ్యాను. సీట్లు తీసి యంత్రాలు పెట్టుకున్నాం. అందులో నేను, శ్రావ్య, ఒక ఆపరేటరు ఉన్నాం.

ఉదయం నుంచి పద్నాలుగు జతలు లాగాయి. పట్టికలో చుక్క తర్వాత నలభైలు, తొంభైలు కనిపిస్తూనే ఉన్నాయి. నేను చూశాను కూడా. అలంకారానికి ఒక సున్నా చేర్చారేమోలే అనుకున్నాను. జతకూ జతకూ మధ్య తేడా అడుగుల్లోనే ఉండటం వల్ల వరుస తప్పలేదు.

పదమూడో జత పులివెందుల వైపు నుంచి వచ్చిన బాషాది. మూడువేల ఐదువందల పన్నెండు అడుగుల ఏడు అంగుళాలు లాగి మొదటి స్థానంలో నిలిచింది. చివరి జత పెద్దముడియం గంగులప్పది. గొర్రెల మందల కుటుంబం, ఈమధ్యే సేద్యంలోకి వచ్చారు. ఆయనా భార్య ఓబులమ్మా ఆ గిత్తల్ని బిడ్డల కంటే ఎక్కువగా సాకారని అందరూ అనేవారు. వరసగా మూడేళ్లు రెండో స్థానం వచ్చింది. ఈ ఏడు కూడా రెండే వస్తే గిత్తల్ని అమ్మేసి మళ్లీ గొర్రెలు తోలుకుంటానని గంగులప్ప శపథం చేశాడు. ఆ శపథం విని నంద్యాల నుంచి ఒక పశువుల దళారి రెండు రోజులుగా ఆయన వెంటే తిరుగుతున్నాడు.

గంట కొట్టారు. టేపు పట్టారు. మైకులో ఏదో చెప్పారు గానీ డప్పుల హోరులో ఎవరికీ వినపడలేదు. న్యాయనిర్ణేత చీటీ మా చేతికొచ్చింది. ఆపరేటరు 3512.11 అని కొట్టాడు. పట్టిక గిర్రున తిరిగి బంగారు అక్షరాలతో నిలిచింది. మొదటి స్థానం బాషా, 3512.70. రెండో స్థానం గంగులప్ప, 3512.11.

మైదానం దద్దరిల్లింది. బాషాను భుజాల మీదికి ఎత్తుకున్నారు. టపాకాయలు పేలాయి. సుబ్బరాయుడుగారు ప్రసారం నడిపే ప్రొడ్యూసర్ని వెంటబెట్టుకుని వేదిక దిగి వెళ్లి, కొమ్ముల గుర్తు కుట్టించిన పట్టు శాలువా బాషాకు స్వయంగా కప్పారు. అధికారిక ప్రకటన, బహుమతులు అతిథి వచ్చాక సాయంత్రం. కానీ మా తెర చెప్పేసింది కాబట్టి అంతా అయిపోయినట్టే.

వ్యాను తలుపు మీద గుద్దులు పడ్డాయి. తెరిస్తే ఓబులమ్మ. చీర కొంగు నడుముకు బిగించి, రొప్పుతూ నిలబడి ఉంది.

"ఈ తెర మీద అంకెలేసేది ఎవురు?" అంది. నేనేనని చెప్పాను.

"అమ్మా, మాది పదకొండు అంగుళాలు. టేపు పట్టినప్పుడు నేను ఆడనే నిలబడుకోని ఉండా. బాషాది ఏడు. మీరేమో డెబ్బై అని ఏసినారు. డెబ్బై అంగుళాలు యాడుంటాయమ్మా? పన్నెండుకే అడుగైపాయ గదా!"

శ్రావ్య కల్పించుకుంది. "అది డెబ్బై కాదండీ. పాయింట్ సెవెన్ జీరో. అంటే ఏడే."

"ఏడే అయితే పక్కన సున్నా ఎందుకు పెట్టినావు పాపా? సరే, ఏడే అనుకుందాం. ఏడు పదకొండు కంటే ఎట్ల పెద్దదాయ?"

శ్రావ్య నా వైపు చూసింది. నేను చీటీ వైపు చూశాను. అప్పుడు అర్థమైంది. నేను చెప్పిన చుక్కను యంత్రం దశాంశంగా తీసుకుంది. దశాంశాల్లో పాయింట్ ఏడు కంటే పాయింట్ పదకొండు చిన్నది. రెండు నెలలు రంగులు చూశాను, కొమ్ముల వంపు చూశాను. అంగుళాలు పన్నెండేనన్న సంగతి యంత్రానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషిని నేనే.

"మీ లెక్కలు తర్వాత సూసుకుందురు," అంది ఓబులమ్మ. "మా ఇంటాయప్ప తువ్వాలు కింద చెయ్యి పెట్టినాడు. బిన్నా, ఈ నిమిషమే దిద్దండమ్మా!"

పశువుల బేరంలో ధర పైకి చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కుతూ ధర మాట్లాడుకుంటారు. బేరం కుదిరి చేతులు బయటికి వచ్చాయంటే ఇక తిరుగులేదు. గంగులప్ప తెర చూసి, ఎవరితోనూ మాట్లాడకుండా దళారి దగ్గరికి నడిచి వెళ్లి చెయ్యి చాపాడట. ఓబులమ్మ వద్దని అడ్డం పడితే, శపథం శపథమేనన్నాడట.

వరుసను చేత్తో మార్చే వీలు ఆ కొత్త గ్రాఫిక్స్‌లో లేదు. శ్రావ్య గబగబా లెక్కవేసి, అంగుళాలను పన్నెండుతో భాగించి 3512.92 అని కొట్టింది. తెర మీదికి వదలకముందు మాకు కనిపించే చిన్న మానిటర్‌లో గంగులప్ప పేరు మొదటికి ఎగిరింది. ఓబులమ్మ తొంగి చూసి మండిపడింది.

"ఇప్పుడు తొంబై రెండా? ఇది ఇంకా అన్యాయం. మాకు పదకొండే సాలు. ఎవురి సొమ్మూ మాకొద్దు!"

ఆమె మాటే నాకు ఆదేశమైంది. పాత కంప్యూటరు వ్యానులోనే వెనక బల్ల కింద ఉంది. తియ్యమన్నాను. అది లేచి పని మొదలుపెట్టడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు తువ్వాలు ఆగాలి.

ప్రొడ్యూసర్ శాలువా హడావిడిలో ఉన్నందువల్ల, ఏ కెమెరా తెర మీదికి వెళ్లాలో మార్చే మీటలు కూడా ఆ సమయంలో నా చేతిలోనే ఉన్నాయి. రెండో కెమెరా మనిషికి ఇయర్‌ఫోన్‌లో గంగులప్పను వెతకమన్నాను. దొరికాడు. దగ్గరికి చూపించమన్నాను. చింతచెట్టు నీడలో ఎర్రగళ్ల తువ్వాలు, దాని కింద కదులుతున్న రెండు చేతులు. ఏం జరుగుతోందో చూసుకోవడానికే అడిగాను. తర్వాత చేతిలో మీట ఉంది కదా అని నొక్కేశాను. తువ్వాలు ఇరవై అడుగుల ఎల్‌ఈడీ తెర మీద ప్రత్యక్షమైంది.

జనం టపాకాయలు మానేసి తెర వైపు తిరిగారు. ఎవరో "మూడు వేళ్లు నొక్కినాడు!" అని అరిచారు. "కాదప్పా, నాలుగు!" అని ఇంకొకరు. చూస్తుండగానే మైదానమంతా గంగులప్ప గిత్తల ధర కట్టడం మొదలుపెట్టింది. రహస్యంగా సాగాల్సిన బేరం అలా బట్టబయలయ్యేసరికి దళారి తల వంచుకుని, తువ్వాలును ఒకవైపు లాగాడు. కెమెరా కూడా అటే జరిగింది. వాళ్లు చెట్టు వెనక్కి నడిచారు. కెమెరా మనిషి కూడా నడిచాడు. నా ఉద్యోగ జీవితంలో అంత నిబద్ధతతో పనిచేసిన కెమెరా మనిషిని మళ్లీ చూడలేదు.

పాత కంప్యూటరు లేచింది. నీలం పట్టీ మీద పసుపు అక్షరాలు. వంపులు లేవు, మెరుపులు లేవు. నేనే టైపు చేశాను. 'సవరణ: మొదటి స్థానం గంగులప్ప, పెద్దముడియం, 3512 అడుగుల 11 అంగుళాలు. రెండవ స్థానం బాషా, పులివెందుల, 3512 అడుగుల 7 అంగుళాలు. పొరపాటు మాది.' చివరి రెండు మాటలకు ఎవరి అనుమతీ తీసుకోలేదు. కంగారులో 'అంగుళాలు' రెండుసార్లు తప్పు కొట్టి దిద్దాను.

అది తువ్వాలు బొమ్మ మీదే పడింది. గంగులప్ప పక్కకు తిరిగి తెర చదువుకున్నాడు. పెదవులు కదలడం మాకు కనిపించింది. చదవడం పూర్తయ్యాక చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. దళారి వదల్లేదు. తువ్వాలు కింద పడింది. ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడిపోయారు.

నేను వ్యాను దిగి ముందు బాషా దగ్గరికి వెళ్లాను. తప్పు చేసిన చానెల్ తరఫున ఎవరో ఒకరు ఆయన ముఖం చూసి చెప్పాలి. ఆయన అప్పటికే భుజాల మీదినుంచి దిగి, శాలువాతో నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. నేను జరిగింది చెప్పాను.

"ఎన్ని అంగుళాలు తేడా?" అని అడిగాడు.

"నాలుగు."

నాలుగు వేళ్లు కళ్ల ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "ఇంత," అన్నాడు. "ఇంట్లో వాళ్లకు ఫోన్ చేసి చెప్పేసినా కదమ్మా." తప్పు నాదేనని చెప్పాను. అంతకంటే చెయ్యగలిగింది లేదు. మళ్లీ ఆయనే, "పదండి, ఆడ ఏందో గలాటా అవుతాంది," అని చింతచెట్టు వైపు నడిచాడు.

అక్కడ దళారి గట్టిగా వాదిస్తున్నాడు. వేళ్లు కలిశాయి, ధర కుదిరింది, మాట మాటే అంటున్నాడు. ఓబులమ్మ ఎద్దుల తాళ్లు రెండు చేతులకూ చుట్టుకుని, తనను దాటి ఎవరు తోలుకుపోతారో చూస్తానంటోంది. శపథం చేసిన గంగులప్ప చెయ్యి ఇంకా దళారి చేతిలోనే ఉంది. బాషా దళారి భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు ఏ గిత్తలకు బేరమాడినావప్పా?"

"ఈటికే. రెండో స్థానం వచ్చిన జత ఇచ్చేస్తానని ఆయప్ప రెండు దినాల నుంచి చెప్తాండాడు."

"రెండో స్థానం జతా? అది నాది. తెర చూడు, రాసినారు. నేను అమ్మేది ల్యా. ఇంగ పో."

ముందు ఓబులమ్మ నవ్వింది. తర్వాత చుట్టూ ఉన్నవాళ్లంతా. దళారి కూడా చివరికి నవ్వలేక నవ్వి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గంగులప్ప బాషా చేతులు రెండూ పట్టుకున్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. "వచ్చే ఏడు సూసుకుందాం మామా," అని బాషా అనడం మాత్రం వినపడింది.

ఈలోపు సుబ్బరాయుడుగారు వచ్చి నన్ను పక్కకు పిలిచి, శాలువా వెనక్కి అడిగి తెమ్మన్నారు. ఉన్నది ఒక్కటే, అతిథి వచ్చేలోగా అది మొదటి స్థానం వాళ్ల మీద ఉండాలి. ఆయన మెల్లగానే అన్నారు గానీ బాషాకు వినపడింది.

"ఇది ఇయ్యను సామీ," అన్నాడు. "దీని మీద మీ చానెల్ గుర్తు ఉండాది. పొరపాటు మీది గాబట్టి ఇది నాకే రావాల." కొమ్ములను ఒకసారి తడిమి చూసుకుని, "అరటికాయలు బాగున్నాయి," అని చేర్చాడు. ఆ రోజు గంగులప్పకు సుబ్బరాయుడుగారి సొంత జరీ కండువా దక్కింది.

సోమవారం విచారణ జరిగింది. తప్పు హైదరాబాదు కంపెనీ మీద రాద్దామని సుబ్బరాయుడుగారు ప్రతిపాదించారు. చుక్క గురించి చెప్పింది నేను, పరీక్షించింది నేను, సంతకం నాది అని రాసిచ్చాను. నా సర్వీసులో నాకొచ్చిన ఒకే ఒక్క మెమో అదే. శ్రావ్య వారంలో గ్రాఫిక్స్ మార్చి పంపింది. అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఒక గడి. అంగుళాల గడిలో పదకొండు దాటి ఏ అంకె కొట్టినా యంత్రం తీసుకోదు. నిర్వాహకులు నల్లబల్లను కడిగి మళ్లీ నిలబెట్టుకున్నారు. మేము అభ్యంతరం చెప్పలేదు.

ఆ రోజు నేర్చుకున్నది చిన్న విషయం. తెర ఎలా కనిపిస్తుందో చూడటానికి నేను రెండు నెలలు తీసుకున్నాను. అది ఏం చెబుతుందో చూడటానికి పావుగంట, అదీ గుండ్రటి అంకెలతో. ఆ తర్వాత మిగిలిన మూడేళ్లూ ఏ కొత్త గ్రాఫిక్ వచ్చినా ముందు చిక్కు అంకెలు ఇచ్చి చూశాను. సరిసమానంగా వచ్చినవి, ఒక్క అంగుళం తేడా ఉన్నవి, సున్నాలు. తర్వాత ఆ ఆట ఆడేవాళ్లలో ఒకరిని ఆఫీసుకు పిలిపించి, తెర ముందు కూర్చోబెట్టి, ఏమి అర్థమైందో చెప్పమన్నాను. వాళ్లు సరేనన్నాకే సంతకం పెట్టాను. పనికి రెండు రోజులు ఎక్కువ పట్టేది. ఆ రెండు రోజులు ఎందుకని సుబ్బరాయుడుగారు ఒక్కసారి కూడా అడగలేదు.